తాళం వేసిన నలభై ఒక్క ఇళ్ళు

జగ్గయ్యపేట,
11 ఆగస్టు 2024.

జాయిస్,

నీ ఆరోగ్యం బాగానే ఉందని అనుకుంటున్నా. అనుకోవడమే గాని తెలుసుకునే దారి లేదు. ఫోన్ చేస్తే నువ్వు “ఆఁ ఆఁ” అంటావు, నా చెవిమిషను “కుయ్” అంటుంది, ఇద్దరిలో ఎవరు జవాబు చెప్పారో తెలియదు. అందుకని కాగితం. ముప్పై మూడేళ్ళు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని; కాగితం మీద అన్నమాట అనలేదనడం కష్టమని నాకు తెలుసు. నీకూ తెలియాలి.

వీరులపాడు కాలనీలో మా చిన్నాన్న కూతురు రత్తమ్మ ఉంది కదా, నీ చిన్నమ్మమ్మ. చక్కెర జబ్బు మనిషి. కుడికాలి వేళ్ళ సందున పుండు పడింది. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. కట్టు మార్చేవాళ్ళు నందిగామలో ఉన్నారు, పుండు వీరులపాడులో ఉంది. బస్సు మెట్టు ఎక్కలేదు. ఒక్క మనిషి కోసం ఆటో కదలదు.

విజయవాడలో ఒక ట్రస్టు వాళ్ళు ఆ కాలనీలో సాయంత్రంపూట చిన్న క్లినిక్కు పెట్టి ఒక నర్సును కూర్చోబెడతామన్నారు. అవసరమో కాదో ముందు సర్వే చేయిస్తామన్నారు. సర్వే అయింది. అవసరం లేదని తేలిందిట! నాలుగు రోజులకొకసారి కట్టు మార్చుకుంటున్న రత్తమ్మకి ఈ సంగతి పాస్టరమ్మ గారు చదివి వినిపిస్తే, “ఎవర్ని అడిగారండీ?” అందట.

నేనూ అదే అడుగుతున్నా. రిపోర్టు కాపీ తెప్పించుకున్నా. అట్ట మీద నువ్వు పనిచేసే ఆఫీసు పేరుంది. చివర సంతకం నవీన్‌బాబుది. నా శిష్యుడే, 97 బ్యాచ్. పోయిన టీచర్స్ డేకి వచ్చి శాలువా కప్పి, “మేడం, నేను తింటున్నది మీరు పెట్టిన అన్నమే” అన్నాడు. ఆ మరుసటి నెలే నీకు అక్కడ ఉద్యోగం వచ్చింది కాబట్టి శాలువా దాచుకున్నా.

ఎన్ని ఇళ్ళు అడిగారు? ఏ రోజు వెళ్ళారు? ఎవరు వెళ్ళారు? మూడింటికీ జవాబు రాయి.

మీ అమ్మమ్మ,
జయమణి

* * *

నందిగామ,
24 ఆగస్టు 2024.

ప్రియమైన అమ్మమ్మకి,

వందనాలు. నేను బాగున్నా. హాస్టల్లో అన్నం మాత్రం నువ్వు చూస్తే వండినామె మీద కేసు వేస్తావు. బీపీ మాత్రలు మానొద్దు.

రత్తమ్మ చిన్నమ్మమ్మ సంగతి తెలిసి బాధేసింది. నువ్వడిగిన రిపోర్టులో ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. కాలనీలో 182 ఇళ్ళు. ప్రతి మూడో ఇల్లు చొప్పున 60 తీసుకున్నాం. అందులో 41 ఇళ్ళకి తాళం ఉంది. వాళ్ళ బదులు అక్కడ అందుబాటులో ఉన్నవాళ్ళని అడిగారు. సగం ఆడవాళ్ళు, సగం మగవాళ్ళు ఉండేలా కోటా చూసుకున్నారు. ఊరి సంగతి తెలిసిన పెద్దలు ముగ్గుర్ని విడిగా అడిగారు. ఇది రాండమ్ పద్ధతి కాదని రిపోర్టు మూడో పేజీలో మేమే రాశాం అమ్మమ్మా. ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఉన్న టైములో ఎవరైనా ఇలాగే చేస్తారు.

ఏ రోజు, ఎవరు అన్నది ఫైలు చూసి చెబుతా. సార్ దగ్గర ఉంది.

ఒక్క మాట. దీని గురించి ట్రస్టు వాళ్ళకి ఏమీ రాయొద్దు. సార్ మంచివారే. నీ పేరు ఎత్తితే చెప్పులు విడిచి నిలబడతారు.

నీ
జాయిస్

* * *

జగ్గయ్యపేట,
15 సెప్టెంబరు 2024.

జాయిస్,

వరదల్లో పోస్టు ఆలస్యమైంది. నీ ఫైలు ఇంకా దొరకలేదు కాబోలు. పర్లేదు, నేను వెతుక్కున్నా. మొన్న పాస్టరమ్మ గారి కారులో రత్తమ్మ దగ్గరికి వెళ్ళొచ్చా.

జూన్ తొమ్మిది. ఆదివారం!

ఆదివారం పొద్దున పదింటికి ఆ కాలనీకి సర్వేకి వెళ్ళాలని ఏ మేధావికి తట్టిందో గాని, వాణ్ణి చూడాలని ఉంది. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా అక్కడ అందరూ ఆరాధనలో ఉంటారు. ఆ పూట ఇళ్ళ దగ్గర మిగిలేది కోళ్ళు, మంచం పట్టినవాళ్ళు, శనివారం తాగింది దిగనివాళ్ళు. రత్తమ్మ పుండు కాలితోనే నాలుగిళ్ళ అవతల ఉన్న మందిరానికి కుంటుకుంటూ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గోడ మీద సుద్దముక్కతో 17 అని నంబరు, పక్కన ‘తాళం’ అని రాసి ఉంది. వాన పడని వైపు గోడ. నేను వెళ్ళేసరికి ఇంకా ఉంది, చూశా.

ఇక మీ పద్ధతుల సంగతి. ప్రతి మూడో ఇల్లు అన్న మాట బాగానే పుట్టింది. తాళం కప్ప దగ్గరికొచ్చి చచ్చిపోయింది. అక్కణ్ణుంచి మీరు చేసినవన్నీ చేతికి దొరికిన వాటిని ఏరుకోవడమే. మొదటిది అందుబాటు పద్ధతి: ఎవడు ఎదురుపడితే వాణ్ణి అడగటం. మీకు ఎదురుపడింది సెంటర్లో టీ బంకు. రిపోర్టు ఆరో పేజీలో ఒకడి మాట అచ్చేశారు: “నందిగామ ఎంత దూరమండి, బండి మీద ఇరవై నిమిషాలు.” బండి ఉన్నవాణ్ణి పట్టుకుని దూరం ఎంతని అడిగారు. వాడు నిజమే చెప్పాడు పాపం.

రెండోది కోటా. సగం ఆడవాళ్ళు కావాలి. బస్టాపులో నందిగామ బస్సు కోసం నిలబడ్డవాళ్ళ చేత ఆ సగం నింపారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళని బస్సు ఎక్కగలరా అని అడిగితే ఏమంటారు? కోటా అంటే తూకానికి సరిపెట్టటమే. తూకం సరిపోతుంది, సరుకు సంగతి అడక్కూడదు.

మూడోది, విషయం తెలిసినవాళ్ళని మనమే ఎంచుకోవడం. చేతనైనవాడు చేస్తే మంచి పద్ధతి. మీరు ఎంచుకున్న ముగ్గురిలో ఒకాయన ఆ ఊరి ఆర్ఎంపీ డాక్టరు. పక్కన నర్సు వచ్చి కూర్చుంటే ఈయన సూది ఎవరికి వేస్తాడు? ఆయన్ని పిలిచి, క్లినిక్కు కావాలా బాబూ అని అడిగారు!

తప్పు పద్ధతిది కాదు. ఏ పద్ధతికి ఆ పద్ధతి ఎవర్ని వదిలేస్తుందో చెప్పుకుని వాడితే ఏదైనా పనికొస్తుంది. రాండమ్ కాదని మూడో పేజీలో రాసి, పదో పేజీలో ‘కాలనీవాసులకు అవసరం లేదు’ అని తేల్చారు చూడు, అక్కడుంది దొంగతనం.

ట్రస్టులో థామస్ గారని ఉన్నారట. ఆయనకి నాలుగు పేజీల ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపించా. నీ ఉత్తరం చేరేసరికే పంపేశా అనుకో.

జయమణి

* * *

నందిగామ,
6 అక్టోబరు 2024.

అమ్మమ్మా,

వద్దని రాశాను. ఒక్క మాట అడిగాను.

నీ ఉత్తరం థామస్ గారు నవీన్‌బాబు సార్‌కి పంపించారు. సార్ నన్ను గదిలోకి పిలిచి, అరవలేదు, కూర్చోమన్నారు. “మేడం మనసు కష్టపెట్టుకున్నారు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదమ్మా” అన్నారు. తర్వాత ట్రస్టుకి పంపిన జవాబు నాకే టైపు చెయ్యమని ఇచ్చారు. అందులో ఉంది: “మా ఫీల్డు ఉద్యోగిని కుమారి జాయిస్ మా నిబంధనలకు విరుద్ధంగా సొంత నిర్ణయంతో వ్యవహరించినందున ఈ లోపం దొర్లినది. ఆమెను విధుల నుంచి తొలగించితిమి.” తొలగించితిమి అని నా చేత్తో నేనే కొట్టా. అక్షరదోషం లేకుండా.

ఈ ఊళ్ళో సర్వే పనిచేసే ఆఫీసులు మూడు. మూడింటికీ ఆ ఉత్తరం కాపీ వెళ్ళింది. నిన్న ఒకచోటికి పని అడగడానికి వెళితే, “వీరులపాడు జాయిస్ మీరేనా?” అన్నారు.

అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

జాయిస్

* * *

జగ్గయ్యపేట,
20 అక్టోబరు 2024.

బంగారుతల్లీ,

ఏడవకు. ఏడిస్తే నీ అక్షరాలు అలుక్కుపోతాయి, నాకు చదవడం కష్టం.

శాలువా సంగతి ముందు చెప్తా. మన వీధిలో కుక్క ఈనింది. దాని కింద పరిచా. ఐదు పిల్లలు, అన్నీ బాగున్నాయి. నవీన్‌బాబు చేసిన పనుల్లో మొదటిసారి ఒకటి జనానికి పనికొచ్చింది.

వాడు నా మీద కోపం నీ మీద తీర్చుకున్నాడు. నేను వాడి మీద కోపం వాడి మీదే తీర్చుకుంటా. నాలుగో పద్ధతి ఒకటుంది, నీకు చెప్పలేదు. స్నోబాల్ అంటారు. ఒకణ్ణి పట్టుకుంటే వాడు ఇంకొకణ్ణి చూపిస్తాడు, వాడు మరొకణ్ణి. మంచుబంతి దొర్లేకొద్దీ పెరిగినట్టు. మే నెలలో జగ్గయ్యపేటలో ఫ్యాను కింద నిలబడి మంచుబంతి అనడానికి నాకే నవ్వొచ్చేది. పేడపురుగు ఉండ అని చెప్పేదాన్ని. పిల్లలు చచ్చినా మర్చిపోయేవాళ్ళు కాదు.

నందిగామ కోర్టు ఎదురుగా జెరాక్స్ కొట్టు పెట్టుకున్న బెన్ని తెలుసుగా, ఇంతకుముందు నవీన్‌బాబు దగ్గర పనిచేసి మానేశాడు. అతనితో మొదలుపెట్టా. బెన్ని ఒకమ్మాయిని చెప్పాడు, ఆ అమ్మాయి ఇద్దర్ని చెప్పింది. పదిరోజుల్లో తొమ్మిదిమంది అయ్యారు. అందరి చేతా రాయించి సంతకాలు పెట్టించా. తొమ్మిదికి తొమ్మిదిమందీ వాడు మోసగాడనే చెప్పారు. నూటికి నూరు! ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు ఏ సర్వేలోనూ ఈ అంకె రాలేదు.

డిసెంబరు మొదట్లో థామస్ గారు నందిగామ వస్తున్నారు. నవీన్‌బాబునీ పిలిపిస్తున్నారు. తొమ్మిది కాగితాలూ వాడి ముందు చదివి, ఇక ఆ మనిషికి ఈ జిల్లాలో వీధికుక్కల్ని లెక్కపెట్టే పని కూడా దొరక్కుండా చేస్తా. ఎందుకింత పట్టుదల అని అడక్కు. కారణం ఉంది, ఇప్పుడు రాయను. నువ్వు కూడా వచ్చి నా పక్కన తలెత్తుకుని కూర్చోవాలి.

అమ్మమ్మ

* * *

నందిగామ,
3 నవంబరు 2024.

అమ్మమ్మకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించా. ఇది ఐదోది.

ఆ తొమ్మిది కాగితాలూ చదవొద్దు. బెన్ని చెప్పినవాళ్ళంతా బెన్ని స్నేహితులు. సార్ దగ్గర మానేసినవాళ్ళు, మానిపించబడినవాళ్ళు. ఇప్పటికీ పనిచేస్తున్న పదకొండుమందిలో ఒక్కరినీ నువ్వు అడగలేదు. నూటికి నూరు వస్తే ముందు శాంపిల్‌ని అనుమానించమని నాకు చెప్పింది నువ్వే. పేడలో దొర్లిన ఉండకి పేడే అంటుకుంటుంది కదా అమ్మమ్మా. ఆయన టీ బంకు దగ్గర చేసింది నువ్వు జెరాక్స్ కొట్టు దగ్గర చేశావు.

కానీ చదవొద్దు అనడానికి కారణం అది కాదు.

కాలనీకి వెళ్ళింది నేను.

శుక్రవారం సాయంత్రం ఫారాలు ఇచ్చి, సోమవారం పొద్దున టేబుల్ మీద ఉండాలన్నారు. తాళం ఉంటే ఆగొద్దు, పక్కన ఎవరు దొరికితే వాళ్ళని రాసెయ్యమన్నారు. ఆఫీసులో అందరం చేసేది అదే, సార్ చెప్పినదే. కానీ శనివారం నేను హాస్టల్లో పడుకున్నా. జ్వరమేమీ కాదు. ఎండగా ఉందని. ఆదివారం వెళ్ళా. ఆదివారం పది గంటలకి మనవాళ్ళు ఎక్కడుంటారో నాకు తెలియదా? మందిరంలో పాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఒంటిగంట దాకా ఆగితే అందరూ ఇళ్ళకి వచ్చేవాళ్ళు. మూడు గంటలు ఆగలేదు. తాళాలు ఉంటే పని తొందరగా తెములుతుందని నాకు లోపల సంతోషంగా కూడా ఉంది.

పదిహేడో ఇల్లు చిన్నమ్మమ్మదని తెలుసు. అరుగు మీద ఆవిడ కర్ర ఉంటుందేమో, పిలుస్తుందేమో అని భయపడ్డా. తాళం చూసి హమ్మయ్య అనుకున్నా. ఆవిడ బదులు టీ బంకులో ఒకతన్ని రాశా. బండి మీద ఇరవై నిమిషాలు అన్నది అతనే.

అందుకని సార్ నన్ను తీసేసినప్పుడు నోరెత్తలేకపోయా. ఆయన రాసింది సగం అబద్ధం. సగం నిజం.

జాయిస్

* * *

జగ్గయ్యపేట,
9 నవంబరు 2024.

కుమారి జాయిస్‌కి,

నీ ఉత్తరం అందింది.

నేను రాయని కారణం ఇది. అక్టోబరు ఐదున విజయవాడ ఆసుపత్రిలో రత్తమ్మ కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. నీ ఉద్యోగం పోయిన వారంలో నీకు ఇది కూడా ఎందుకని దాచా.

ఇంకొకటి కూడా దాచా. నీ దగ్గర కాదు, నా దగ్గర. ఆ గోడ మీద 17లో ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత ఉంది. ఒకటీ ఏడూ కలిసిపోకుండా అలా రాయడం నా శిష్యులకి నేర్పా, నీకు నేర్పా. గీత చూసి, నవీన్‌బాబే స్వయంగా వచ్చాడని తీర్మానించుకున్నా. కారు దిగి సుద్దముక్క పట్టుకునే మనిషి కాడు వాడు. నాకు కావలసిన జవాబు ముందే రాసుకుని గోడ చూశా.

జయమణి

* * *

నందిగామ,
24 నవంబరు 2024.

అమ్మమ్మకి,

‘కుమారి జాయిస్‌’ అని ఉన్న కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నా. ఏమీ అనలేదు నువ్వు. అందుకే ఎక్కువ తగిలింది.

నిన్న వీరులపాడు వెళ్ళా. చిన్నమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కాలు పీట మీద పెట్టుకుంది. దూరం నుంచే, “జయమణక్క మనవరాలివి కదే, రా” అంది. నేను నిలబడే అంతా చెప్పా. వినేసి తలుపు వైపు చూపించింది.

“ఆ పూట మా తాళం చూశావుగా. కొత్తది. సంతలో బేరమాడి కొన్నా. ఎట్టా ఉంది?”

ఎగతాళో కోపమో అర్థం కాలేదు. “తిట్టు చిన్నమ్మమ్మా” అన్నా.

“తిట్టే ఓపిక మీ అమ్మమ్మకిచ్చాడు దేవుడు. నాకు చక్కెరిచ్చాడు. ఆవిడతో తిట్టించుకో పో. పోయేముందు ఆ బిందె లోపల పెట్టు, నేను లేవలేను.”

బిందె లోపల పెట్టి వచ్చా. గోడ మీద 17 ఇంకా ఉంది. తుడవబోతే, “ఉండనియ్యి, నాకు పనుంది దాంతో” అంది.

థామస్ గారి ముందు నేనే ఒప్పుకుంటా. ఏం చెయ్యమంటే అది చేస్తా. కానీ సార్ మాత్రం శుభ్రంగా బయటపడతారు అమ్మమ్మా. ఆయన నిబంధన ఎక్కడా రాసి లేదు. నోటిమాటే.

జాయిస్

* * *

జగ్గయ్యపేట,
15 డిసెంబరు 2024.

జాయిస్,

నిన్ను మీటింగుకి రావద్దన్నానని అలిగావేమో. నువ్వుంటే నీ వైపు మొగ్గుతా. మొగ్గకూడని పని.

నోటిమాటే అన్నావు చూడు, ఆ మాట పట్టుకుని మూడురోజులు అటక వెతికా. నవీన్‌బాబు ప్రాక్టికల్ రికార్డు దొరికింది. 1997. తర్వాతి బ్యాచ్‌లకి ఇలా రాయాలని చూపించడానికి నేనే దాచిన రికార్డు. అందులో ఏముందో చదివి అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయా.

బెన్ని ద్వారా వచ్చిన తొమ్మిది కాగితాలు తీసుకెళ్ళలేదు. అందుకని బెన్ని నాతో మాట్లాడటం మానేశాడు. రికార్డు ఒక్కటే సంచిలో పెట్టుకుని నందిగామ బస్సెక్కా.

నవీన్‌బాబు గుమ్మందాకా ఎదురొచ్చాడు. “మేడం, మీరెందుకండీ బస్సులో! కబురు పెడితే కారు పంపేవాణ్ణిగా.”

“నీ కారెక్కితే నువ్వు దింపినచోటే దిగాలి కదయ్యా.”

కూర్చున్నాం. వాడు థామస్ గారితో చాలా మెత్తగా అన్నాడు: “జాయిస్ చిన్నపిల్లండి. తెలియక చేసింది. తాళం ఉంటే బదులు రాసుకోవడమనేది మా దగ్గర అసలు లేనే లేదండి.”

నేను రికార్డు బల్ల మీద పెట్టా. “ఈ చేతిరాత ఎవరిది నవీన్‌బాబూ?”

“అయ్యో, నాదే మేడం! ఇంకా దాచారా?” మొహం ఇంతైంది. పదిమందికి చూపించేలా ఉన్నాడు. థామస్ గారు నేను గుర్తుపెట్టిన పేజీ తీసి పైకి చదివారు. “ఆదివారం ఉదయం వెళ్ళితిని. తాళము వేసిన ఇళ్ళు 11. వారికి బదులుగా టీ బంకు వద్దనున్న 11 మందిని అడిగి పూర్తి చేసితిని.”

నవీన్‌బాబు రికార్డు తన వైపు తిప్పుకుని చూశాడు.

వాడు తేరుకుని, “కింద చూడండి సార్, మేడం తొమ్మిది మార్కులు వేశారు!” అన్నాడు. అంటాడని తెలుసు. ఎర్రసిరా, బాగుంది, పదికి తొమ్మిది, నా సంతకం. ఆ ఒక్క మార్కూ కూడా చేతిరాత బాగాలేదని తగ్గించా. మీ అమ్మ పెళ్ళి కార్డులు పంచే హడావిడిలో నలభై రికార్డులు ఒక్క సాయంత్రంలో దిద్దా.

“ఇది మీరు నేర్పిందేనా అండీ?” అన్నారు థామస్ గారు.

“నేర్పలేదండి. చూసి ఊరుకున్నా. తర్వాత పదేళ్ళు పిల్లలకి మంచి రికార్డని చూపించా. అది ఇంకా అన్యాయం.” అక్కడే ఎర్రపెన్ను తీసి తొమ్మిది కొట్టేసి సున్నా వేసి, తేదీ వేసి సంతకం పెట్టా. దాని పక్కన నీ నవంబరు మూడు నాటి ఉత్తరం పెట్టా. నిన్ను అడగలేదు. రాసినదానివి నువ్వే కాబట్టి అడగాల్సిన పని లేదనుకున్నా. మాకు ముగ్గురికీ తప్పులో వాటా ఉందని చెప్పా. వాటాలు సమానం కావని కూడా చెప్పా.

తీర్పు నేనే రాసిచ్చా, థామస్ గారు ఒప్పుకున్నారు. సర్వే మళ్ళీ చెయ్యాలి. 182 ఇళ్ళ నంబర్లూ చీటీలు రాసి రత్తమ్మ ఆవకాయ జాడీలో వేస్తారు, ఆవిడ అరవై తీస్తుంది. సాయంత్రం ఐదు తర్వాతే వెళ్ళాలి. ఎవరికి బదులు ఎవర్నీ అడగకూడదు. తాళం ఉంటే ఇంకోరోజు రావాలి, అప్పుడూ ఉంటే మూడోరోజు రావాలి. కుర్రాళ్ళని పంపితే కుదరదు, ఇల్లిల్లూ నవీన్‌బాబే తిరగాలి. పక్కన నువ్వు. లేదంటే ట్రస్టు మిగతా మండలాల పని వాడికివ్వదు.

“మూడుసార్లా మేడం?” అన్నాడు.

“నీ రికార్డులోనే ఉంది, పదకొండో పేజీ. నేను చెబితే నువ్వే రాసుకున్నావు.”

గట్టి చెప్పులు కొనుక్కో.

అమ్మమ్మ

* * *

నందిగామ,
12 జనవరి 2025.

అమ్మమ్మకి వందనాలు,

నాకు అంతా తెలిసిపోయింది. కానీ వరసగా చెప్తా.

సోమవారం ఐదింటికి వెళ్ళాం. సార్ కొత్త బూట్లు వేసుకొచ్చారు. చీటీల్లో వచ్చిన అరవై ఇళ్ళలో యాభై ఎనిమిదింటికి తాళం! తడిక తలుపుకి కూడా తాళం వేసి ఉంది. ఒక ఇంటికైతే తలుపే లేదు, గుమ్మానికి అడ్డంగా గొలుసు కట్టి తాళం వేశారు. ఎదురరుగు మీద ఒకావిడ చిక్కుళ్ళు ఒలుస్తూ, “బసవమ్మ గారు లేరండీ. ఎప్పుడొస్తారో చెప్పలేమండీ” అంది. ప్రతి గోడ మీదా సుద్దతో ‘తాళం’ అని రాశాం. సార్ రాస్తుంటే పిల్లలు వెనకాలే చదువుకుంటూ వచ్చారు.

బుధవారం మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ యాభై ఎనిమిది. చిక్కుళ్ళావిడ, “ఇప్పుడే వెళ్ళారండీ” అంది. సార్ అటూ ఇటూ చూసి, “జాయిస్, వీళ్ళ బదులు సెంటర్లో ఎవర్నైనా...” అని ఆగిపోయారు. నేను పదకొండో పేజీ అన్నా. అంతే.

శుక్రవారం వెళ్ళేసరికి కాలనీ అంతా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లైట్లు వేసి, కుర్చీలు తుడిచి పెట్టారు. అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా, నిజంగా జవాబులు చెప్పారు. చిక్కుళ్ళావిడే తన గుమ్మంలో నిలబడి, “బసవమ్మని నేనేనండీ, రండి” అంది. అరవైలో యాభై నాలుగు ఇళ్ళు క్లినిక్కు కావాలన్నాయి. ఆరు ఇళ్ళు అక్కర్లేదన్నాయి, అవీ అలాగే రాశా. రత్తమ్మ చిన్నమ్మమ్మ ఇల్లు చీటీల్లో రాలేదు. తీసింది తనే అయినా రాలేదు. “నా చెయ్యి మంచిది కాదు” అని జాడీని తిట్టింది.

చివరి ఇల్లు ఆవిడ పక్కదే. అది రాసేసి సార్ చిన్నమ్మమ్మ అరుగు మీద కూలబడి బూట్లు విప్పారు. రెండు మడమలూ బొబ్బలు చితికి నెత్తురు కారుతున్నాయి. చిన్నమ్మమ్మ అప్పుడే కాలికి కట్టు మార్చుకుంటోంది. సార్ ఆ కాలు చూశారు. వేళ్ళు లేనిచోటు చూశారు. విప్పిన బూట్లు అరుగు కిందకి జరిపారు. తర్వాత, “అమ్మా, కాస్త దూదీ గుడ్డముక్కా ఉంటే...” అన్నారు.

చిన్నమ్మమ్మ గోడ మీది పదిహేడు వైపు ఒకసారి చూసింది.

“నందిగామ ఎంత దూరం బాబూ. బండి మీద ఇరవై నిమిషాలు.”

దూది చుట్ట ఆవిడ ఒళ్ళోనే ఉంది.

తాళాలు వేయించింది నువ్వేనని బసవమ్మ గారు చెప్పింది. రెండుసార్లు వెయ్యాలి, మూడోసారి తప్పకుండా తియ్యాలి, తీశాక అబద్ధం ఆడకూడదు అని పాస్టరమ్మ గారి చేత కబురు పెట్టావట. సార్ ఆ రాత్రే ట్రస్టుకి, మూడు ఆఫీసులకీ, బదులు రాయమన్నది తానేనని ఉత్తరం పంపారు. ఈసారి టైపు ఆయనే చేసుకున్నారు. మూడు అక్షరదోషాలు.

జాయిస్

* * *

జగ్గయ్యపేట,
19 జనవరి 2025.

జాయిస్,

మార్చి నుంచి క్లినిక్కు. థామస్ గారు రాశారు. రత్తమ్మకి వేళ్ళు రావు. కాబట్టి నా కోపం పోయిందని ఎవరికీ చెప్పకు. తగ్గిందని కూడా చెప్పకు. నవీన్‌బాబు అట్టపెట్టెలో స్వీట్లు పంపాడు. కుక్కపిల్లలు ఇష్టంగా తిన్నాయి.

తాళాలు వేయించింది వాడొక్కడి కోసమే అనుకుంటున్నావేమో. వాడి పక్కన ఎవరు నడిచారో నాకు తెలిసే వేయించా. మూడురోజులు, నూట డెబ్బై ఆరు గుమ్మాలు. శనివారం ఎండలో నడిచి ఉంటే నీకు అరవైతో పోయేది.

నీ కాళ్ళకి కూడా బొబ్బలు లేచాయట. శుక్రవారం నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగావని, వాడికివ్వని దూది నీ చేతిలో పెట్టబోతే నువ్వు తీసుకోలేదని రత్తమ్మ చెప్పించింది. నీ ఉత్తరమంతా రెండుసార్లు వెతికా. ఆ సంగతి ఎక్కడా లేదు.

రాయాల్సింది రాయకపోవడం నీకు అలవాటే. ఈసారి రాయనిదానికి మాత్రం ఒక మార్కు వేస్తున్నా. పదికి ఒకటి. చేతిరాత బాగానే ఉంది.

అమ్మమ్మ